మీకు తెలుసా? పెన్సిలిన్‌కు వాతావరణమూ కలిసొచ్చింది!

1928 సెప్టెంబరులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవుల నుంచి లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి ల్యాబ్‌కు తిరిగొచ్చి చూస్తే, ఓ గాజు పళ్లెంలో బూజు పట్టి ఉంది. దాని పక్కనున్న స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా కరిగిపోయింది. దూరంగా ఉన్నది మాత్రం నిక్షేపంగా ఉంది. ఈ కథ అందరూ చెప్పేదే.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ బూజు విడుదల చేసే పెన్సిలిన్, ఎదిగిపోయిన బ్యాక్టీరియాను పెద్దగా ఏమీ చేయలేదు. అది పెరుగుతూ కొత్త కణకవచం కట్టుకునేటప్పుడే దెబ్బ తీస్తుంది. అంటే బూజు ముందు, బ్యాక్టీరియా తర్వాత పెరిగి ఉండాలి. అదెలా సాధ్యం? ఫ్లెమింగ్ విభాగంలోనే పనిచేసిన రోనాల్డ్ హేర్ తర్వాతి కాలంలో పాత వాతావరణ రికార్డులు తిరగేశారు. ఆ ఏడాది జులై చివర్లో లండన్ చల్లబడి, కొన్నాళ్లు అలాగే ఉంది. 20 డిగ్రీల చల్లదనం బూజుకు హాయి. 37 డిగ్రీల దగ్గర జోరందుకునే స్టెఫైలోకాకస్‌కు మాత్రం కాళ్లూ చేతులూ కట్టేసినట్టే! మళ్లీ వేడెక్కాక బ్యాక్టీరియా పెరగబోయింది. అప్పటికే పళ్లెంలో మందు సిద్ధం. ఇది హేర్ వివరణే అయినా, నమ్మదగిందే.

బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే టెట్రాసైక్లిన్‌ను పెన్సిలిన్‌తో కలిపి ఇవ్వడానికి వైద్యులు సాధారణంగా ఇష్టపడనిది కూడా ఇందుకే: పెరగని బ్యాక్టీరియాపై పెన్సిలిన్ పెద్దగా పనిచేయదు.