తప్పు నాలుకదా... షాపుదా?

యూరప్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది సినిమా పాటే. మంచుకొండలు, పచ్చిక బయళ్లు, సైకిళ్ల మీద వెళ్లే సన్నటి మనుషులు. అక్కడి గాలి మంచిది, పాలు మంచివి, కూరగాయలు మంచివి, కాబట్టి మనుషులూ ఆరోగ్యంగానే ఉంటారని మనవాళ్లకి ఒక గట్టి నమ్మకం. నేను ఇంగ్లండ్ బయల్దేరుతుంటే మా బంధువులంతా అదే మాట అన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2022లో ఇచ్చిన నివేదిక చూస్తే ఆ పాట టక్కున ఆగిపోతుంది. దాని పరిధిలోకి వచ్చే 53 దేశాల్లో (మధ్య ఆసియా దేశాలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి లెండి) పెద్దవాళ్లలో 59 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. పిల్లల్లో దాదాపు ముగ్గురికి ఒకరిది ఇదే పరిస్థితి. అధిక బరువు తెచ్చిపెట్టే జబ్బులతో ఏటా 12 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. గుండెజబ్బు, షుగర్, కొన్ని రకాల క్యాన్సర్లు... అన్నీ ఆ లెక్కలోవే.

ఇంత చదువు, ఇంత డబ్బు, ఉచిత వైద్యం ఉన్న దేశాల్లో ఇలా ఎందుకయ్యింది? తిండి మీద అదుపు లేకనా? నేనుండే ఊరు లీడ్స్. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఏ సూపర్‌మార్కెట్‌లోకైనా వెళ్లి నిలబడితే సగం జవాబు దొరుకుతుంది.

నాలుగు పౌండ్ల భోజనం

ఇక్కడ 'మీల్ డీల్' అని ఒకటుంది. ఒక సాండ్‌విచ్, ఒక క్రిస్ప్స్ ప్యాకెట్ (మనం చిప్స్ అనేవి), ఒక కూల్‌డ్రింక్. మూడూ కలిపి అటూ ఇటూగా నాలుగు పౌండ్లు. సాండ్‌విచ్ ఒక్కటే కొన్నా ధరలో పెద్ద తేడా ఉండదు. అంటే ఆ క్రిస్ప్స్, ఆ కూల్‌డ్రింక్ దాదాపు ఊరికే వస్తున్నట్టు. ఆఫీసు ఉద్యోగి, బిల్డింగ్ పనివాడు, మన ఎమ్మెస్ స్టూడెంట్ అందరూ అదే వరసలో ఉంటారు. తలుపు తీయగానే ఎదురుగా ఉండేది అదే. ఆపిల్ పళ్లు ఇంకాస్త లోపలికి వెళ్తే ఉంటాయి.

ఫుడ్ ఫౌండేషన్ అనే సంస్థ ఇక్కడ ఏటా ధరలు లెక్కగడుతుంది. ఒకే మొత్తం కేలరీలకి ఆరోగ్యకరమైన తిండి ధర, అలా కాని తిండి ధరకి రెండింతల పైనే ఉంటుందని వాళ్ల లెక్క. ప్రభుత్వమే చెప్పే సమతులాహారం తినాలంటే అట్టడుగు అయిదో వంతు కుటుంబాలు చేతికొచ్చే ఆదాయంలో దాదాపు సగం తిండికే పెట్టాలి. అద్దె, చలికాలం గ్యాస్ బిల్లు పోను సగం ఎక్కడ మిగులుతుంది?

దీని ఫలితం పిల్లల మీద కనబడుతుంది. ఇంగ్లండ్‌లో ప్రతి ఏడాదీ బళ్లో పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. బళ్లో చేరిన నాలుగైదేళ్ల పిల్లల్లో ఊబకాయం పదిమందిలో ఒకరికి ఉంటే, ప్రాథమిక బడి దాటేసరికి, అంటే పది పదకొండేళ్లకి, అయిదుగురిలో ఒకరికి పైగా ఉంటోంది. పేద పేటల్లో అది ఉన్నవాళ్ల పేటలకి రెండింతలు. నాలుక రుచే కారణమైతే ఈ తేడా రావక్కర్లేదు కదా? పేదపిల్లల నాలుక వేరుగా పుట్టదు.

ఇంకో సంగతి. ఇంటికి కొని తెచ్చుకునే తిండిలో 'అల్ట్రా ప్రాసెస్డ్' సరుకు ఎంత అని 19 యూరప్ దేశాల సర్వేలు తీసి పరిశోధకులు 2018లో పోల్చారు. ఫ్యాక్టరీలో, మన వంటింట్లో కనపడని పదార్థాలు కలిపి తయారుచేసే తిండి అన్నమాట. సర్వేలు కొంచెం పాతవే. అయినా బ్రిటన్‌లో కేలరీల్లో సగం దీన్నుంచే వస్తుంటే పోర్చుగల్, ఇటలీల్లో పది పదిహేను శాతం లోపే. అయితే ఆలివ్ నూనె, చేపలు, పప్పులు తినే ఆ దక్షిణాది దేశాలు హాయిగా ఉన్నాయా అంటే అదీ లేదు. ఇటలీ, గ్రీస్, స్పెయిన్ పిల్లలు ఇప్పుడు బరువు విషయంలో యూరప్‌లోనే ముందు వరసలో ఉన్నారు. ఒకప్పుడు గుండెజబ్బులు తక్కువని ప్రపంచమంతా గ్రీస్‌లోని క్రీట్ దీవి గురించి చెప్పుకుంది. తాతల వంట మనవలదాకా వచ్చేలోపే దారిలో ఎక్కడో జారిపోయింది. ఇది మన ఇళ్లకీ కొత్త కథేం కాదు.

వసూలు కాకపోవడమే గెలుపు

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. మా పనిలో ఒక సంగతి రోజూ చూస్తుంటాం. యాప్‌లో ఎన్ని సెట్టింగులు పెట్టినా నూటికి తొంభైమంది వాటి జోలికి పోరు. మేం మొదట ఏది పెట్టిస్తే దాంతోనే సరిపెట్టుకుంటారు. 'సెట్టింగ్స్ మార్చుకోండి' అని పదిసార్లు నోటిఫికేషన్ పంపడం కంటే మేమే డిఫాల్ట్ మార్చేయడం తేలిక. తిండి విషయంలో యూరప్‌లో పనిచేసినవన్నీ దాదాపు ఇలాంటివే అని నాకు అనిపిస్తుంది. 'తక్కువ తినండి, ఎక్కువ నడవండి' అన్న పోస్టర్లకి బరువు తగ్గిన దేశం నాకు కనపడలేదు.

బ్రిటన్ కూల్‌డ్రింక్ పన్నునే తీసుకోండి. 2016 మార్చి బడ్జెట్‌లో ప్రకటించారు, 2018 ఏప్రిల్ 6 నుంచి అమలు. మొదట్లో 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములు చేరితే లీటరుకి 18 పెన్నీలు, 8 గ్రాములు చేరితే 24 పెన్నీలు ఉండేది. ఇందులో తెలివి రెండు చోట్ల ఉంది. ఒకటి, పన్ను కట్టాల్సింది తాగేవాడు కాదు, కంపెనీ. రెండోది, మధ్యలో రెండేళ్ల గడువు. ఫార్ములా మార్చుకుంటే పన్నే లేదు.

కంపెనీలు లెక్కలేసుకున్నాయి. పన్ను మొదలయ్యేలోపే సగానికి పైగా తయారీదారులు చక్కెర తగ్గించేశారు. మొదటి ఏడాది 52 కోట్ల పౌండ్లు వస్తాయనుకున్న ఖజానా ఆ అంచనాను 24 కోట్లకి దించుకుంది. పన్ను వసూలు కాకపోతే మంత్రులు పండగ చేసుకున్న సందర్భం చరిత్రలో ఇదొక్కటేనేమో! ఫాంటాలో చక్కెర 4.6 గ్రాములకి దిగింది. స్కాట్లాండ్‌వాళ్లకి ప్రాణమైన ఐర్న్-బ్రూలో పది గ్రాములు దాటి ఉండేది 4.7 అయ్యింది. పాత రుచి పోతోందని అక్కడి జనం డజన్లకొద్దీ సీసాలు ఇళ్లలో దాచుకున్నారు. మామూలు కోక్ మాత్రం 10.6 గ్రాముల దగ్గరే నిలబడి పన్ను కడుతోంది. ఒక్క క్యాన్‌లో 35 గ్రాములు, అంటే ఎనిమిది తొమ్మిది చెంచాల చక్కెర.

మొత్తం మీద 2015 నుంచి 2020 లోపు ఈ పన్ను పరిధిలోని డ్రింకుల్లో చక్కెర 40 శాతానికి పైగా తగ్గింది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2023లో చెప్పిందేమిటంటే, పన్ను లేకపోతే ఉండేదానితో పోలిస్తే పది పదకొండేళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం 8 శాతం తగ్గింది. పేద ప్రాంతాల బళ్లలో ఇంకా ఎక్కువ. మగపిల్లల్లో మాత్రం తేడా స్పష్టంగా కనపడలేదు. ఎనిమిది శాతమేనా అనొచ్చు. ఆ పిల్లలకి ఎవరూ క్లాసు పీకలేదు, ఎవరి చేతిలో సీసా లాక్కోలేదు. వాళ్లు తాగేది వాళ్లు తాగుతూనే ఉన్నారు, లోపల చక్కెర మారింది. అందుకే నాకిది గొప్పగా అనిపిస్తుంది.

అన్ని పన్నులూ ఇలా ఫలించవు. డెన్మార్క్ 2011 అక్టోబర్‌లో వెన్న, చీజ్ లాంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వు మీద కిలోకి 16 క్రోనర్ల పన్ను వేసింది. జనం ఏం చేశారు? కారేసుకుని సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కొచ్చారు. 2013 మొదలయ్యేసరికి పన్ను ఎత్తేశారు. అదే డెన్మార్క్ 2003లో ఇంకో పని చేసింది. ట్రాన్స్ ఫ్యాట్, అంటే మన వనస్పతి లాంటి గట్టిపరిచిన నూనెల్లో పుట్టే కొవ్వు, నూనెలో 2 శాతం మించకూడదని చట్టం చేసింది. ప్రపంచంలో అదే మొదటి దేశం. ఎవరూ సరిహద్దు దాటలేదు, ఎందుకంటే బిస్కెట్ రుచిలో తేడా ఎవరికీ తెలియలేదు. 2021 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తానికీ ఆ హద్దే. మన దేశమూ 2022 జనవరి నుంచి అదే 2 శాతానికి వచ్చింది. మన బేకరీ పఫ్ వెనక డెన్మార్క్ ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉంది.

వెన్న రాసుకునే ఊళ్లు

వీటన్నిటికంటే నాకిష్టమైన కథ ఫిన్లాండ్‌ది. రష్యా సరిహద్దులో నార్త్ కరేలియా అనే ప్రాంతం. అడవులు, చెరువులు, కలప కొట్టే మగవాళ్లు, ఇంటింటా పాడి. 1970ల మొదట్లో ప్రపంచంలోకెల్లా గుండెపోటు చావులు ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి. పోయేది ముసలివాళ్లు కాదు, నలభైల్లో, యాభైల్లో ఉన్న మగవాళ్లు. తినేదేమిటంటే వెన్న, చిక్కటి పాలు, ఉప్పు వేసి నిల్వచేసిన మాంసం. కూరగాయలు పశువులు తినేవని ఎగతాళి. దాంతోపాటు పొగ.

1971లో ఆ ప్రాంతం పెద్దలే ఏదో ఒకటి చేయమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1972లో మొదలైన పని పెక్కా పుస్కా అనే డాక్టర్ చేతికొచ్చింది. అప్పటికి ఆయనకి ఇంకా ముప్పై నిండలేదు. నా వయసువాడు!

ఆయన ఆస్పత్రిలో కూర్చోలేదు. ఊళ్లలో 'మార్తా' అనే మహిళా సంఘం ఉండేది, మన డ్వాక్రా సంఘాల్లా ఊరూరా. వాళ్లతో కలిసి ఊరి జనాన్ని పిలిచి వంట చేసి పెట్టేవాళ్లు. వాళ్ల సంప్రదాయ మాంసం పులుసునే తీసుకుని, కొంత మాంసం తీసేసి దుంపలు, క్యారెట్లు వేసి, ఉప్పు తగ్గించి వడ్డించేవాళ్లు. ఉపన్యాసం కంటే ఆ పులుసే ఎక్కువ పనిచేసింది. సాసేజ్‌లు చేసేవాళ్లతో మాట్లాడి కొవ్వు తగ్గించారు. డెయిరీలు మొదట మండిపడ్డాయి, వాళ్ల బతుకుతెరువు మరి. తర్వాత వెన్న తీసిన పాలు అమ్మడం మొదలెట్టాయి. ఆ చలిలోనే పండే ఆవజాతి మొక్క గింజల నూనె వంటింట్లోకి వచ్చింది. పాడి లాభం తగ్గిన రైతులకి బెర్రీ పళ్ల తోటలు చూపించారు. ఊరికీ ఊరికీ మధ్య కొలెస్ట్రాల్ ఎవరు ఎక్కువ తగ్గిస్తారని పోటీలు కూడా పెట్టారు.

మొదట్లో రొట్టె మీద వెన్న రాసుకునేవాళ్లు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది. తర్వాత అది వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చింది. నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. పొగ తగ్గడం, బీపీ మందులు, మెరుగైన వైద్యం ఇవన్నీ కూడా అందులో ఉన్నాయి, తిండి ఒక్కదానికే కట్టబెట్టడం సరికాదు. కానీ తగ్గుదలలో పెద్ద వాటా కొలెస్ట్రాల్ దిగడానిదే.

మనవాళ్ల లెక్క వేరు

ఇదంతా తెల్లవాళ్ల గొడవ కదా అనుకుంటే కష్టం. బ్రిటన్‌లో ఉన్న దక్షిణాసియా వాళ్లకి, అంటే మనకి, టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తెల్లవాళ్లకంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. వాళ్లకి 40 దాటాక ప్రమాదం పెరుగుతుందంటే మనకి 25 దాటితేనే. బరువు లెక్క బీఎంఐ వాళ్లకి 25 దగ్గర ఎక్కువైతే, మనకి 23 దగ్గరే ఎక్కువ కింద చూడాలని ఇక్కడి వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

మా ఇంట్లో నలుగురం ఉంటాం. అందులో ఒకడు గుంటూరు కుర్రాడు, వయసు 26. మాస్టర్స్ చదువుతూ వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్ట్ చేస్తున్నాడు. చూడ్డానికి సన్నగానే ఉంటాడు. ఎప్పుడూ నీరసం అంటుంటే పోయిన చలికాలం డాక్టర్ దగ్గరికి పంపాం. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో 44 వచ్చింది. ఇక్కడి కొలతలో 42 నుంచి 47 దాకా షుగర్ గుమ్మం దగ్గర నిలబడినట్టు. వాడి బీఎంఐ 24. "చార్టులో నార్మల్ కదండీ" అని వీడంటే, "మీవాళ్లకి ఆ చార్టు కాదు" అందట నర్సు.

వాడేమీ పిచ్చి తిండి తినేవాడు కాదు. ఇంట్లో పప్పు, చారు వండుకునేవాడే. కానీ వారానికి మూడు రాత్రులు ఆ వేర్‌హౌస్‌లో తెల్లవారుజామున రెండింటికి అరగంట బ్రేక్. చుట్టూ రెండు మైళ్లలో షాపు లేదు. బ్రేక్ రూమ్‌లో ఉన్నవి రెండే మిషన్లు, ఒకటి చాక్లెట్లూ క్రిస్ప్స్‌ది, ఒకటి కూల్‌డ్రింకులది. ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్లినా వేడి చేసుకునే దారి లేదు. జనవరి చలిలో గడ్డకట్టిన పెరుగన్నం ఎవడు తింటాడు? వాళ్లమ్మ వీడియో కాల్‌లో "ఏం తిన్నావురా?" అని రోజూ అడుగుతుంది. వాడు "తిన్నానమ్మా" అని ఊరుకుంటాడు.

ఫిబ్రవరిలో వాడూ, ఇద్దరు పోలండ్ వాళ్లూ, ఒక నైజీరియా ఆవిడా కలిసి సూపర్‌వైజర్‌కి ఒక కాగితం రాసిచ్చారు. అడిగింది ఒకే ఒక్క మైక్రోవేవ్. ఆరు వారాలు నానబెట్టి, కరెంటు సేఫ్టీ తనిఖీలు చేయించి, చివరికి ఒకటి తెచ్చి పెట్టారు. ఇప్పుడు రెండింటికి దాని ముందు పన్నెండుమంది క్యూ, అరగంటలో సగం అక్కడే పోతోందని గోల. రెండోది కావాలని మళ్లీ కాగితం రాస్తున్నారు. వాడికి రక్తపరీక్ష వచ్చే నెల.