మంచుకి బొక్క పెట్టే ముందు

మిన్నెసోటాలో ఎమ్మెస్ చేస్తున్న మా అన్నయ్య, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి చిన్న పెట్రోల్ ఆగర్ కొంటానని ఫోన్ చేశాడు. చేత్తో పట్టుకునే బుల్లి బోరు మెషీన్ అనుకోండి.

"పదంగుళాలది తీసుకోనా?" అన్నాడు. వద్దన్నాను. ఎనిమిది నుంచి పదికి వెళ్తే తవ్వాల్సిన మంచు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వ్యాసం వర్గం లెక్క, పదో తరగతిదే. మామూలు చేపలకి ఎనిమిది చాలు.

టూ స్ట్రోక్ తేలిక, కానీ పెట్రోల్లో ఆయిల్ కలపాలి, పాళ్లు మాన్యువల్లో చూసి. ఫోర్ స్ట్రోక్‌కి ఆ గొడవ లేదు, బరువెక్కువ. ఏదైనా సరే, బ్లేడు మొద్దుబారితే ఎన్ని సీసీలున్నా మంచుని గీకుతుందంతే. బ్లేడు ఇరుక్కుంటే హ్యాండిల్ మనల్నే తిప్పేస్తుంది. అందుకే కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి.

చలి కదా, టెంటు లోపలే స్టార్ట్ చేస్తానన్నాడు. అన్నయ్యని మొదటిసారి తిట్టాను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, తెలిసేలోపే పడిపోతాం. బయట బొక్క పెట్టి, ఇంజన్ ఆపాకే టెంటు.

నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి తేట మంచుండాలని అక్కడి సహజ వనరుల శాఖ చెప్తుంది. తెల్ల మంచైతే దానికి రెట్టింపు. గునపంతో పొడిచి చూసుకుంటూనే అడుగెయ్యాలి.

అన్నయ్య ముందు గునపం కొన్నాడు.