బహుళ మైకుల రికార్డింగు

కంప్యూటరుపై ఒకేసారి రెండు లేక అంతకంటే ఎక్కువ మైకుల ధ్వనిని వేర్వేరు ట్రాకులుగా నమోదు చేయు పద్ధతిని బహుళ మైకుల రికార్డింగు అంటారు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల చెక్క భజన దీని అవసరాన్ని బాగా తెలుపుతుంది. గురువు పాడగా బృందం వంత పలుకుతుంది. చెక్కల చప్పుడు పాటను మింగివేస్తుంది. ఒకే మైకుతో నమోదు చేసినచో తరువాత గొంతును మాత్రమే విడిగా పెంచుట దాదాపు అసాధ్యం.

ఇళ్ళలోని కంప్యూటరుకు సాధారణంగా మైకు సాకెట్టు ఒక్కటే ఉంటుంది. కావున నాలుగు మైకులకు నాలుగు ఇన్‌పుట్లు గల ఆడియో ఇంటర్‌ఫేసు కావాలి. రెండు యూఎస్‌బీ మైకులను విడివిడిగా తగిలించుట చౌకే గానీ, వాటి లోపలి గడియారాలు వేరు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా గంట భజనలో 0.18 సెకను ఎడం ఏర్పడుతుంది. తాళం తప్పినట్లు వినబడుటకు ఇది చాలు.

ధ్వని 34 సెంటీమీటర్లు సాగుటకు సుమారు 1 మిల్లీసెకను పడుతుంది. ఒకే గొంతు రెండు మైకులను వేర్వేరు క్షణాలలో చేరితే, కలిపినపుడు కొన్ని పౌనఃపున్యాలు బలహీనపడి గొంతు పలుచబడుతుంది. అందుచేత గాయకునికి, మైకుకు గల దూరానికి కనీసం మూడు రెట్ల దూరంలో రెండవ మైకును ఉంచుతారు. గుండ్రంగా అడుగులు వేసే భజన బృందం విషయంలో ఈ నియమం నిలవదు. గురువు చొక్కాకు తగిలించే చిన్న మైకే అక్కడ మేలు.

2000లో విడుదలైన ఆడాసిటీ ఈ పనికి ఉపకరించే ఉచిత సాఫ్ట్‌వేరు. సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్ల చొప్పున నాలుగు ట్రాకులకు నిమిషానికి దాదాపు 21 మెగాబైట్ల స్థలం పడుతుంది.