ఆదోని ముట్టడి, టిప్పు రాకెట్లు, మంటలు చిమ్మే ఆయుధం: అపోహలు – వాస్తవాలు

1786లో టిప్పు సుల్తాన్ నెల రోజులు ముట్టడించి ఆదోని కోటను పట్టుకున్నాడు. మైసూరు సేన పేరెత్తగానే మంటలు కక్కే ఆయుధాలు మనసులో మెదులుతాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అపోహ: టిప్పు రాకెట్లే ఫ్లేమ్‌త్రోయర్‌కు మూలం.

ఈ రెండింటికీ చుట్టరికం లేదు. మైసూరు రాకెట్ అంటే తుపాకిమందు కూరిన ఇనుప గొట్టం, దానికి కట్టిన పొడవాటి వెదురుకర్ర. గొట్టం ఇనుముది కాబట్టే మందును గట్టిగా దట్టించగలిగారు, అందుకే అది అంత దూరం పోయేది. 2018లో శివమొగ్గ జిల్లా నగర కోట దగ్గర పాడుబడ్డ బావిలో ఇలాంటివి వెయ్యికి పైగా దొరికాయి. ఫ్లేమ్‌త్రోయర్ పని వేరు, అది మండే ద్రవాన్ని ఒత్తిడితో చిమ్ముతుంది. దాని పూర్వీకుల కోసం ఏడో శతాబ్దపు బైజాంటియం ఓడలను, అవి చిమ్మిన 'గ్రీకు అగ్ని'ని చూడాలి.

అపోహ: మన ఆగ్నేయాస్త్రమే ఈ ఫ్లేమ్‌త్రోయర్.

పురాణాల సంగతి పక్కనబెట్టి అర్థశాస్త్రం 13వ అధికరణం చూడండి. కౌటిల్యుడు చెప్పింది మండే పొడులు, ఉండలు ఎలా చేయాలో, ద్రవాన్ని చిమ్మే యంత్రం గురించి కాదు. కోటలో గూళ్లు కట్టుకున్న పక్షులను పట్టి, తోకలకు మందు కట్టి వదలమన్నాడు. నాకు వీటన్నిటికంటే గొప్పగా తోచేది ఆ తర్వాతి మాట. పోరాడి కోటను గెలవగలిగితే నిప్పు పెట్టొద్దన్నాడు. నిప్పును నమ్మలేమని, జనం, ధాన్యం, పశువులు, సొమ్ము అన్నీ దానికే ఆహుతవుతాయని, అలా బూడిదైన రాజ్యం చేతికొచ్చినా నష్టమేనని ఆయన లెక్క. ఆ లెక్కను నేటి సేనానులూ చదవాలి.

అపోహ: ఫ్లేమ్‌త్రోయర్ సైనికుడి వీపు మీది ఇంధన ట్యాంకుకు తూటా తగిలితే అది బాంబులా పేలుతుంది.

ఇది సినిమాల చలవ. ఇంధనాన్ని బయటికి తోసేది సాధారణంగా నైట్రోజన్. అది మండదు. మామూలు తూటా తగిలితే ట్యాంకుకు చిల్లు పడి ఇంధనం కారుతుంది, అంతే. సైనికుడికి అసలు ప్రమాదం దూరంతోనే. మంట పదుల మీటర్లకు మించి పోదు. అందుకని బరువు మోసుకుంటూ శత్రువు ఎదుటికే వెళ్లాలి, మంట కనబడగానే తుపాకులన్నీ అతని వైపే తిరుగుతాయి. జర్మనీకి చెందిన రిచర్డ్ ఫీడ్లర్ 1901లో రూపొందించిన ఈ యంత్రాన్ని 1915 జులై 30న బెల్జియంలోని హూగ్ దగ్గర బ్రిటిష్ సేనపై ప్రయోగించారు. కాలిన గాయాలకంటే కందకాల్లో పుట్టిన భయమే ఎక్కువ పని చేసింది.

అపోహ: ప్రపంచమంతా ఫ్లేమ్‌త్రోయర్‌ను నిషేధించింది.

అమెరికా సైన్యం 1978లో తనంత తానే వదిలేసింది. 1980 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందపు మూడో ప్రోటోకాల్ పౌరులపై అగ్ని ఆయుధాలు వాడకూడదంటుంది. భారత్ 1984లో అందులో చేరింది. కానీ శత్రు సైనికుడిపై వాడకూడదని ఆ ప్రోటోకాల్ ఎక్కడా చెప్పదు.