ఒకటి బై డెబ్భై

ఫస్టియర్‌లో మా రూమ్మేట్ ఫోన్లో వాళ్ల నాన్నతో "వన్ బై సెవెంటీ ఉంది కదా నాన్నా" అంటుంటే, నేను అదేదో అన్నదమ్ముల వాటాల లెక్క అనుకున్నాను. డెబ్భైలో ఒక వంతు. ఎం-1 బ్యాక్‌లాగ్ ఉన్నవాడికి ఎక్కడ చూసినా భిన్నాలే కనబడతాయి మరి. తర్వాత అడిగితే నవ్వి, "భిన్నం కాదురా, చట్టం" అన్నాడు.

మావాడిది సీతంపేట కొండల్లో ఒక సవర గూడెం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, వాడు ఇప్పటికీ "మాది సికాకుళమే" అంటాడు. వాళ్ల తాతకి కొండ దిగువన మూడెకరాల మెట్ట ఉండేది. 1974లో పంట పోయి, కింద ఊరి షావుకారు దగ్గర అప్పు చేశాడు. ఎంత చేశాడో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. తీర్చలేక భూమి అప్పగించాడు. షావుకారు ఆ మెట్టలో జీడిమొక్కలు వేశాడు. ఇవాళ అదే తోటలో సీజన్ వచ్చినప్పుడు మావాడి నాన్న జీడిపిక్కలు ఏరే కూలీ.

పోయిన వేసవిలో నేను వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి వారం ముందే ఊరి పెద్దమనుషులు కూర్చున్నారు. పైకి కొట్టుకునే రెండు పార్టీల వాళ్లూ ఆ రోజు ఒకే అరుగు మీద ఉన్నారట. ఒక కాగితం రాసి తెచ్చారు. ఒక ఎకరం వదిలేస్తారు, మిగిలిన రెండెకరాల మీద మళ్లీ ఎప్పుడూ హక్కు అడగకూడదు, వేలిముద్ర వెయ్యాలి. దాని పేరు రాజీ.

"ఒకెకరం ఒస్తే ఒచ్చినట్టే గదా అన్నారు బాబూ అందరూ," అన్నాడాయన నాతో. "మూడూ మాదే అయితే, ఒకెకరం నాకు దానం సేత్తన్నట్టు మాటాడతారేటి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు 'ఏజెన్సీ' అనే మాట. మనం బస్సులో కూడా "ఏజెన్సీ రూట్" అంటాం గానీ ఎవరి ఏజెన్సీయో ఆలోచించం. 1839లో కంపెనీ వాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి, కలెక్టరుకే 'ఏజెంట్' అనే హోదా ఇచ్చి అప్పగించారు. ఏజెంటు పాలించేది ఏజెన్సీ. కొండల్లో పితూరీలు తగ్గించడమే అప్పటి లక్ష్యం, కొండవాళ్ల మేలు అంతగా కాదు.

1917లో ఇంకో చట్టం వచ్చింది. కొండజాతి మనిషి తన భూమిని బయటి మనిషికి అమ్మితే చెల్లదు. అప్పు మీద వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. వందేళ్ల కిందట ఇంత మంచి చట్టమా అని నేనూ ఆశ్చర్యపోయాను. అయితే భూమి సంగతి చెప్పిన చోటే ఒక 'తప్ప' ఉంది. ఏజెంటు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప అమ్మకం చెల్లదు. అంటే అనుమతి ఉంటే చెల్లుతుంది. అనుమతి తెచ్చుకోగల చదువూ, బండీ, పలుకుబడీ ఎవరికున్నాయో వేరే చెప్పక్కర్లేదు. ఈ కథలో ఇలాంటి 'తప్ప'లు ఇంకా వస్తాయి.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు పెట్టారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాలకి గవర్నరు నేరుగా నియమాలు చెయ్యచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. అలా చేసినదాన్నే 'రెగ్యులేషన్' అంటారు. 1959లో మన రాష్ట్రంలో భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనుడికో, గిరిజనుల సొసైటీకో మాత్రమే పోవాలి. మళ్లీ ఒక 'తప్ప': అధికారి ముందస్తు అనుమతి ఇస్తే తప్ప. ఇంకో కన్నం కూడా ఉంది. ఒకసారి గిరిజనేతరుడి చేతికి వచ్చిన భూమి ఇంకో గిరిజనేతరుడికి పోతే ఆ చట్టం ఏమీ అనదు.

అసలు విడ్డూరం అది కాదు. చట్టం 1959లో వచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి కావలసిన రూల్స్ 1969లో వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే ఫంక్షన్ డిక్లేర్ చేసి, బాడీ రాయకుండా పదేళ్లు వదిలేశారు. అసెంబ్లీలో "చట్టం చేశాం" అని చెప్పుకోవడానికి ఒక వర్గానికి అది పనికొచ్చింది. రూల్స్ లేకపోవడం ఇంకో వర్గానికి పనికొచ్చింది. ఎవరికీ కోపం రాలేదు. రాజీ అంటే ఇలా కూడా ఉంటుందని నాకు అక్కడే అర్థమైంది. బల్లకి రెండు పక్కలా కూర్చున్నవాళ్లిద్దరికీ నష్టం లేదు, పోయేది బల్ల దగ్గర కుర్చీ లేనివాడిది.

ఆ పదేళ్లలో కొండల్లో జరిగింది మావాడి తాత కథే, వేల ఇళ్లలో. వానాకాలంలో ఇంట్లో గింజలుండవు. షావుకారు ధాన్యం, ఉప్పు, బట్ట అప్పిస్తాడు. పంట వచ్చాక కొలత ఆయనదే, లెక్క ఆయనదే. చింతపండూ చీపుళ్లూ ఆయనకే ఇవ్వాలి, ధర ఆయనే చెప్తాడు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టిందే ఈ పట్టు వదిలించడానికి. అది సరుకు కొనగలిగింది గానీ, ఆకలి నెలల్లో అర్ధరాత్రి తలుపు కొడితే అప్పిచ్చేది మాత్రం షావుకారే. అలా భూమి ముందు తాకట్టుకి, తర్వాత స్వాధీనానికి పోయేది. ఆ తర్వాత యజమాని అదే చేలో కంబారిగా చేరేవాడు.

దీని మీద గిరిజన సంఘం కట్టినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు బడిపంతుళ్లు, వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. కూలి పెంచాలనీ, తాకట్టు భూములు తిరిగివ్వాలనీ సంఘం మొదట అడిగింది చట్టంలో ఉన్నవే. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల వైపు వాళ్లు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. అప్పటిదాకా సభలూ అర్జీలూ అన్నవాళ్లు అక్కడి నుంచి వేరే దారి పట్టారు. ఓట్లతో పని జరుగుతుందని నమ్మిన పార్టీ మీద వాళ్ల నమ్మకం పోయింది, 1968 చివరికి సాయుధ పోరాటం మొదలైంది. బొడ్డపాడు దగ్గర జముకుల కథ చెప్పిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో, సత్యం, కైలాసం 1970 జూలై 10న పోలీసుల చేతిలో చనిపోయారు.

ఆ దారి సరైనదా అంటే నేను కాదనే అంటాను. రెండు వైపులా పోయిన ప్రాణాల్లో ఎక్కువ పేదవాళ్లవే. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు ఇబ్బంది పడుతుంది. పదేళ్లు రాని రూల్స్ 1969లో వచ్చాయి. 1970 ఫిబ్రవరి 3న కొత్త రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. ఆ ఏటి మొదటి రెగ్యులేషన్ కాబట్టి 1/70. అర్జీ పెట్టినప్పుడు దొరకనిది, తుపాకీ పేలాక దొరికింది. ఇది ఎవరికి ఏ పాఠం నేర్పుతుందో ఆ రోజుల్లో సెక్రటేరియట్‌లో ఎవరైనా ఆలోచించారో లేదో!

1/70 నిజంగా గట్టిది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఎవరిదైనా సరే, గిరిజనుడికి గానీ గిరిజనుల సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. గిరిజనేతరుల మధ్య అమ్మకం కూడా కుదరదు. పాత 'అనుమతి' కిటికీ మూసేశారు. అన్నిటికంటే పెద్ద మార్పు, రుజువు భారం తిరగబడింది. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదంటే అతనే నిరూపించుకోవాలి. ఎవరూ అర్జీ పెట్టకపోయినా అధికారి తనంతట తాను కేసు తీసుకోవచ్చు. 1978లో ఉల్లంఘనని క్రిమినల్ నేరం కూడా చేశారు. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో 1988లో చట్టం చెల్లుతుందని తీర్పు వచ్చింది.

మరి ఇంత గట్టి చట్టం ఉండగా 1974లో మావాడి తాత భూమి ఎలా పోయింది?

చట్టం మారింది గానీ, ఆకలి నెలలు మారలేదు. ఇంకొకటి, చట్టాన్ని ఎత్తెయ్యకుండానే వదులు చేసే పని వెంటనే మొదలైంది. 1979లో జీవో 129 వచ్చింది. అయిదెకరాల మాగాణీ లేదా పదెకరాల మెట్ట వరకూ ఉన్న గిరిజనేతరులని ఖాళీ చేయించవద్దని దాని సారం. హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న పేద గిరిజనేతర కుటుంబాలు ఉన్నాయి, రెండెకరాలు దున్నుకుని బతికే దళితులు, బీసీలు. వాళ్ల భయం అబద్ధం కాదు. వాళ్లకి వేరేచోట భూమి చూపించడం ఖర్చుతో కూడిన పని, షావుకార్లతో తగువు పెట్టుకునే పని. జీవో రాయడానికి కాగితం చాలు. ఆ పేదవాళ్ల చాటున పెద్ద కమతాలు కూడా దాక్కున్నాయి. బినామీలు సరేసరి.

ఇంకో సంగతి మ్యాపులది. 1/70 వర్తించేది షెడ్యూల్డ్ ప్రాంతం అని గీత గీసిన ఊళ్లకే. శ్రీకాకుళం జిల్లాలో ఆ గీత బయట ఉండిపోయిన గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి. కొండ అదే, మనుషులు వాళ్లే, భాష అదే, చట్టం మాత్రం గీత దగ్గర ఆగిపోతుంది. ఆ ఊళ్లని కలపాలనే డిమాండ్ ప్రతి ఎన్నికలో వినబడుతుంది, ప్రతి పార్టీ ఒప్పుకుంటుంది.

1997 జూలై 11న సుప్రీంకోర్టు 'సమత' తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల వైపు గనుల లీజుల గురించి కేసు. అక్కడ ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందే లెక్క, కాబట్టి ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదు అని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవచ్చన్నారు. ఇంకేం, కొత్త దారి దొరికింది. 2005లో జిందాల్‌తో ఒప్పందం కుదిరింది. అరకు కొండల్లో బాక్సైట్ ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, కింద మైదానంలో శృంగవరపుకోట దగ్గర ప్రైవేటు ఫ్యాక్టరీ అల్యూమినా తీస్తుంది. చట్టం అక్షరానికి గీతు పడలేదు! కోట మండలంలో రైతుల దగ్గర భూములు తీసుకున్నారు, పేదలకిచ్చిన డీ-పట్టా భూములతో సహా. కొండల్లో జనం ఒప్పుకోలేదు, గని రాలేదు. గని రాలేదు కాబట్టి ఫ్యాక్టరీ రాలేదు. భూమి మాత్రం రైతు చేతిలోంచి పోయింది. రెండిటికీ మధ్యేమార్గం అని పెట్టుకున్నదానిలో పైవాడికి భయం మిగిలింది, కిందవాడికి కూలి కూడా మిగల్లేదు.

మళ్లీ మూడెకరాల దగ్గరికి వస్తాను. ఇంజనీరింగ్ ఎకనామిక్స్‌లో మనకి చెప్పే లెక్కే ఇది. ఆస్తి ఉన్నవాడికి ఏటా ఆదాయం, ఆ ఆదాయంతో ఇంకో ఆస్తి. యాభై ఏళ్లలో ఆ తోట మీద షావుకారి ఇంట్లో రెండు తరాలు చదువుకున్నాయి, వైజాగ్‌లో ఇళ్లు కట్టుకున్నాయి. అదే తోటలో ఇటు పక్క కుటుంబానికి దక్కింది రోజు కూలి, అదీ సీజన్‌లోనే. మావాడు ఆశ్రమ పాఠశాలలో చదివి, సీటు తెచ్చుకుని ఇక్కడిదాకా వచ్చాడు. వాడి ఫీజు రీయింబర్స్‌మెంట్ చూపించి "మీకు అన్నీ ఇస్తున్నారుగా" అనేవాళ్లు మన క్లాసులోనే ఉన్నారు. మూడెకరాల యాభై ఏళ్ల ఫలసాయం ఎవరు ఎవరికి ఇచ్చారో వాళ్లు లెక్కెయ్యరు.

ఇక ఆ రాజీ కాగితం. చదివినంతలో నాకు తెలిసిందేమిటంటే, 1/70లో 'బదలాయింపు' అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, భూమి మీద ఇంకే ఒప్పందమైనా అందులోకే వస్తుంది. వీలునామా ఒక్కటే మినహాయింపు. 1974లో తాత భూమి అప్పగించడం ఎలా చెల్లదో, రెండెకరాలు వదులుకుంటానని ఇవాళ మనవడి తండ్రి వేలిముద్ర వెయ్యడం కూడా అలాగే చెల్లదు. అరుగు మీద కూర్చున్న పెద్దలకి ఇది తెలీదనుకోను. అందులో ఒకాయన ఎన్నికల మీటింగుల్లో 1/70 జోలికి ఎవరినీ రానివ్వం అని మైకులో చెప్పిన మనిషే.

ఈ సంగతి మావాడి నాన్నకి ఫోన్లో చదివి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ కాయితం సెల్లదన్నమాట. మరి వొచ్చే సీజన్‌కి తోటలో నాకు పనుంటాదా బాబూ?" అన్నాడు.

దానికి ఏ సెక్షన్ చూపించాలో నాకు తెలీలేదు. అర్జీ మాత్రం టైప్ చేస్తున్నాం, నేనూ వాడూ కలిసి. మొదటి డ్రాఫ్ట్‌లో నేను "దయచేసి మా భూమి మాకు ఇప్పించగలరని ప్రార్థన" అని రాశాను. వాడు "ప్రార్థన" కొట్టేసి "కోరుతున్నాం" అని పెట్టాడు.