హక్కు ఒకరిది.. విధి ఎవరిది?

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే వాళ్లకు ఆర్టికల్‌ 14 నుంచి 32 దాకా నోటికొచ్చేస్తాయి. ‘అసలు హక్కంటే ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే? అక్కడ ఆర్టికల్‌ నంబర్లు ఆదుకోవు.

మనిషికి పుట్టుకతోనే హక్కులొస్తాయని 1789లో ఫ్రెంచి విప్లవకారులు ప్రకటించారు. చట్టం లేకుండా హక్కెక్కడిదని ఇంగ్లండ్‌ తత్వవేత్త జెరెమీ బెంథామ్‌ ఎగతాళి చేశాడు. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. మీకు ఎక్కువ పనికొచ్చేది అమెరికా న్యాయశాస్త్రవేత్త హోఫెల్డ్‌ 1913లో చెప్పిన మాట. ఒకరికి హక్కుందంటే, ఇంకొకరి మీద విధి ఉన్నట్టే. ఆ ఇంకొకరెవరో తేలకపోతే హక్కు కాగితం మీదే ఆగిపోతుంది.

అలా ఆగిపోయిన చోటు మన చీరాల పక్కనే ఉంది.. కారంచేడు. అంటరానితనాన్ని రద్దు చేసిన ఆర్టికల్‌ 17 1950 నుంచే ఉంది. 1955లో శిక్షల చట్టమూ వచ్చింది. అయినా 1985 జులైలో మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్య దాకా వెళ్లింది. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. అక్కడి నుంచే ఉద్యమం లేచింది, దళిత మహాసభ పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి ఆ ఒత్తిడీ ఒక ముఖ్య కారణం.

ఈ చట్టంలో సెక్షన్‌ 4 తప్పక చదవండి. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికీ జైలుశిక్ష ఉంటుందంటుంది. ఆ విధులేంటో 2016లో అమల్లోకొచ్చిన సవరణ విడమరిచింది. బాధితులు నోటితో చెప్పింది రాసుకుని, సంతకం తీసుకునేముందు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్‌ కట్టాలి, కాపీ వెంటనే ఇవ్వాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఇవి చేయాల్సిన అధికారి సీట్లో రేపు మీరే ఉండొచ్చు!

అలాగని చట్టం రాగానే అంతా సర్దుకోలేదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపేశారు. బాధితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 16 ఏళ్లకు, 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఇక్కడ విధి ఎక్కడ తప్పింది.. దర్యాప్తులోనా, ప్రాసిక్యూషన్‌లోనా, కోర్టులోనా? గైడ్లు పక్కనపెట్టి, ఈ ప్రశ్నతో ఆ రెండు తీర్పులూ చదవండి.