‘పిన్ను పట్టింది కదా!’ – పాత ల్యాప్‌టాప్ చార్జర్ల మీద అపోహలు, వాస్తవాలు

ఎనిమిది పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్ చాలా ఇళ్లలో ఇంకా నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. కొట్టు లెక్కలకు, పిల్లల ప్రాజెక్టులకు, రాత్రిపూట ఓ సినిమాకు అది చాలు. ముందుగా పోయేది చార్జరు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మండల కేంద్రంలో మొబైల్ షాపుకు వెళ్లినా కౌంటర్ అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘‘ఏ కంపెనీ సార్?’’ అనే. చెబుతాం. ఆయన ఒకటి తీసి ఇస్తాడు. పిన్ను పడుతుంది, లైటు వెలుగుతుంది, డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు, ఏ పిన్ను అన్నవి ఆయనా అడగలేదు, మనమూ చెప్పలేదు.

ఆ మూడింట్లో మొదటి రెండూ పాత చార్జర్ వీపున అచ్చయ్యే ఉంటాయి. లేబుల్‌పై ‘ఇన్‌పుట్’ అనే వరుస గోడ ప్లగ్గుకు సంబంధించింది. మనకు కావాల్సింది ‘అవుట్‌పుట్’ వరుస. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంప్స్ అని ఉంటుంది. రెండింటినీ గుణిస్తే వాట్లు వస్తాయి, ఇక్కడ సుమారు 65. చార్జర్ ఎప్పుడో పారేసి ఉంటే ల్యాప్‌టాప్‌ను బోర్లించండి. అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఇవే అంకెలు ఉంటాయి. అది చెరిగిపోతే బ్యాటరీ తీసి దాని కింద చూడండి. అంకెలు అక్కడా లేకపోతే మోడల్ నంబరైనా దొరుకుతుంది.

అపోహ: కంపెనీ ఒకటే అయితే చార్జర్ ఒకటే

థింక్‌ప్యాడ్‌నే తీసుకోండి. ఐబీఎం కాలంనాటివి 16 వోల్టులతో నడిచేవి. లెనోవో చేతికి వచ్చాక, 2006లో టీ60 తరం నుంచి 20 వోల్టులకు మారాయి, గుండ్రటి పిన్ను లావెక్కింది. 2012-13 ప్రాంతంలో ఆ గుండ్రటి పిన్ను పోయి పసుపు రంగు చదరపు పిన్ను వచ్చింది. 2017-18కి యూఎస్‌బీ-సి వచ్చేసింది. పేరు ఒకటే, చార్జర్లు నాలుగు రకాలు. హెచ్‌పీలో 18.5 వోల్టుల తరం ఒకటి, 19.5 వోల్టుల తరం ఇంకొకటి. డెల్‌లో 7.4 మిల్లీమీటర్ల లావు పిన్ను ఉన్న మోడళ్లూ ఉన్నాయి, 4.5 మిల్లీమీటర్ల సన్న పిన్ను ఉన్నవీ ఉన్నాయి.

దీన్నే అటు నుంచి చూస్తే లాభం ఉంది. ఏసర్, ఆసుస్, తోషిబా మూడింటి 65 వాట్ల పాత చార్జర్లలో ఎన్నింటి మీదో 19 వోల్టులు, 3.42 ఆంప్స్ అనే రాసి ఉంటుంది. తోషిబా, ఆసుస్ పాత మోడళ్లలో పిన్ను కూడా చాలావరకు ఒకటే. తోషిబా ల్యాప్‌టాప్ వ్యాపారం నుంచి తప్పుకున్నంత మాత్రాన ఆ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు దిగులుపడనక్కర్లేదు. అసలు ఈ చార్జర్లను ఆ బ్రాండ్లేవీ సొంతంగా తయారుచేయవు. లేబుల్ మూలన చిన్న అక్షరాల్లో డెల్టా, లైట్‌-ఆన్, చికోనీ లాంటి పేర్లు కనిపిస్తాయి. తయారీదారులు వాళ్లే.

అపోహ: పిన్ను దూరితే సరిపోయినట్టే

బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు ఉన్న గుండ్రటి పిన్ను ఎన్నో పరికరాలకు ఉంటుంది. తేడా అంతా లోపలి రంధ్రంలో. ఏసర్‌కు 1.7, ఆసుస్‌కు 2.5, వైఫై రౌటర్లకూ సీసీ కెమెరాలకూ ఎక్కువగా 2.1. కంటికి ఈ తేడా ఆనదు. 2.5 రంధ్రమున్న ల్యాప్‌టాప్ పిన్ను 2.1 రౌటర్‌లోకి కాస్త వదులుగా దూరిపోతుంది. రౌటర్‌కు కావాల్సింది 12 వోల్టులు, లోపలికి వెళ్లేది 19. కరెంటు పోయి వచ్చాక చీకట్లో తడుముకుంటూ చార్జర్లు మార్చి గుచ్చే ఇళ్లలో రౌటర్ చచ్చిపోవడానికి ఇదో దారి. అందుకే ఏ చార్జర్ దేనిదో చిన్న కాగితం అతికించి రాసిపెట్టుకోవడం మేలు.

వదులుగా పట్టే పిన్నుతో ఇంకో నష్టం ఉంది. ఒకసారి తాకి ఒకసారి తాకకపోతే ఆ సందులో నిప్పురవ్వలు పుడతాయి, జాక్ వేడెక్కి నల్లబడుతుంది. చార్జర్ మార్చడం తేలిక. మదర్‌బోర్డుకే అతికించిన జాక్‌ను మార్చడం మాత్రం విప్పి, టంకం పెట్టాల్సిన పని. షాపులో కొత్త పిన్ను పెట్టి చూసేటప్పుడు అది ఊగుతుంటే, ‘‘వాడగా వాడగా బిగుసుకుంటుంది సార్’’ అన్న మాట నమ్మకండి.

అపోహ: ఆంప్స్ ఎక్కువైతే బ్యాటరీ కాలిపోతుంది

అన్నిటికంటే మొండి అపోహ ఇది. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కు 90 వాట్ల చార్జర్ ఇస్తే పుచ్చుకోవడానికే భయపడతారు. గీజర్ కోసం పెట్టించిన 16 ఆంప్స్ సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెడతాం. ఫోనేమీ కాలిపోదు కదా! చార్జర్ మీద రాసిన ఆంప్స్ అది ఇవ్వగల గరిష్ఠం. ఎంత తీసుకోవాలన్నది ల్యాప్‌టాప్ ఇష్టం. పైగా బ్యాటరీని నింపే సర్క్యూట్ బయటి నల్ల డబ్బాలో ఉండదు, ల్యాప్‌టాప్ లోపలే ఉంటుంది. బయటి డబ్బా చేసేది స్థిరమైన వోల్టేజీని అందించడమే. పెద్ద చార్జర్ కాస్త బరువుగా ఉంటుంది, తక్కువ వేడెక్కుతుంది, అంతే.

వోల్టుల సంగతి వేరు. అవి ల్యాప్‌టాప్ ఎంచుకునేవి కావు, చార్జర్ నెట్టేవి. ఇక్కడ రెండు వ్యతిరేక అపోహలు చలామణిలో ఉన్నాయి. అర వోల్ట్ తేడా వచ్చినా బోర్డు పోతుందని కొందరు, ల్యాప్‌టాప్ అన్నాక ఏదైనా సర్దుకుంటుందని ఇంకొందరు. 19 వోల్టులనే ఎందుకు పెట్టారో తెలిస్తే రెండూ తేలిపోతాయి. చాలా పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీల్లో మూడో నాలుగో లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. నిండినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులు. నాలుగైతే 16.8. దాన్ని నింపాలంటే బయటి నుంచి వచ్చేది అంతకంటే కొంచెం ఎక్కువ ఉండాలి. అందుకే 18.5 నుంచి 20 మధ్య ఈ లెక్కలన్నీ తిరుగుతాయి. లోపలి సర్క్యూట్ దాన్ని ఎలాగూ తగ్గించుకునే వాడుకుంటుంది. కాబట్టి 19కి బదులు 19.5 అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. 16 వోల్టుల పాత థింక్‌ప్యాడ్‌కు 20 వోల్టులు ఇవ్వడం మాత్రం ముమ్మాటికీ తప్పు. 12 వోల్టుల చార్జర్ పెడితే 19 వోల్టుల ల్యాప్‌టాప్ కాలదు గానీ కదలదు కూడా.

వోల్టేజీని మార్చుకునే స్విచ్చు, పది రకాల పిన్నులతో వచ్చే యూనివర్సల్ చార్జర్లలో నాకు నచ్చని విషయం అదే. బ్యాగులో నలిగి ఆ స్విచ్చు 19 నుంచి 24కు జరిగితే చెప్పేవాళ్లుండరు.

అపోహ: తక్కువ వాట్లయితే చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే కదా

ల్యాప్‌టాప్ ఆపేసి ఉంటే ఒక్కోసారి నిజమే. పని చేస్తుండగా 90 వాట్లు అడిగే యంత్రానికి 45 వాట్ల చార్జర్ తగిలిస్తే సంగతి మారిపోతుంది. మంచి చార్జరైతే భారం తాళలేక ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. రక్షణ సర్క్యూట్లు సరిగ్గా లేనిదైతే అలా కాలుతూనే ఉంటుంది. వాట్లు సమానంగా ఉండాలి, లేదా ఎక్కువుండాలి.

అపోహ: వోల్టులు, వాట్లు, పిన్ను మూడూ కలిశాయి, ఇక తిరుగులేదు

డెల్ ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ శ్రద్ధగా చదవాలి. డెల్ పిన్ను మధ్యలో సూదిలాంటిది కనిపిస్తుంది. చాలామంది అందులోంచే కరెంటు వస్తుందనుకుంటారు. కరెంటు వచ్చేది చుట్టూ ఉన్న గొట్టం లోపలి, బయటి అంచుల్లోంచి. ఆ సూది పని కబురు మోయడం. చార్జర్‌లో ఉన్న చిన్న చిప్ ‘నేను డెల్ చార్జర్‌ని, 65 వాట్లు’ అని ఆ తీగ మీద చెబుతుంది. ఆ కబురు అందకపోతే ఆన్ చేయగానే అడాప్టర్ రకం, వాట్లు గుర్తించలేకపోతున్నానని తెరమీద సందేశం వస్తుంది. ల్యాప్‌టాప్ నడుస్తుంది, కానీ బ్యాటరీ ఎక్కదు. పైగా ప్రాసెసర్ వేగం తగ్గించుకుని ఈడుస్తుంది.

జనం మోసపోయేది ఇక్కడే. చార్జర్ లైటు వెలుగుతోంది, ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, బ్యాటరీ మాత్రం ఎక్కట్లేదు. అంటే బ్యాటరీ పోయిందని కొత్తది కొంటారు. అదీ ఎక్కదు. తప్పు ఆ సన్నటి కబురు తీగది. ఒరిజినల్ చార్జర్‌లో కూడా సూది వంగినా, పిన్ను దగ్గర వైరు నలిగి ఆ ఒక్క తీగ తెగినా ఇదే జరుగుతుంది. కాబట్టి బ్యాటరీ కొనేముందు వేరే డెల్ చార్జర్‌తో ఒకసారి చూడండి. హెచ్‌పీ లావు పిన్నూ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, డెల్‌లో దూరుతుంది కూడా. ఒకరి భాష మరొకరికి తెలియదు. లెనోవో చదరపు పిన్నులో చిప్‌కు బదులు ఒక రెసిస్టర్ విలువే వాట్లు చెబుతుంది. ఇలాంటి మోడళ్లకు బేరమాడేటప్పుడు ‘‘బ్యాటరీ ఎక్కుతున్నట్టు చూపించి ఇవ్వండి’’ అనే షరతు పెట్టండి. లైటు వెలిగినంత మాత్రాన డబ్బులివ్వకండి.

అపోహ: అమెరికా ల్యాప్‌టాప్ చార్జర్ ఇక్కడ పెడితే పేలుతుంది

అబ్బాయో అమ్మాయో అక్కడి నుంచి పంపిన పాత ల్యాప్‌టాప్ విషయంలో వచ్చే భయమిది. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230 అన్నమాట నిజమే. ఆ ‘ఇన్‌పుట్’ వరుస ఉపయోగపడేది ఇప్పుడే. 100–240 వోల్టులు, 50–60 హెర్ట్జ్ అని ఉంటే నల్ల డబ్బా ఇక్కడా అక్కడా ఒకేలా పనిచేస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సిన పనిలేదు. మార్చాల్సింది గోడ నుంచి డబ్బా దాకా వచ్చే కార్డును. అక్కడి కార్డుల మీద 125 వోల్టులని రాసి ఉంటుంది. ఫ్యాన్సీ కొట్లో దొరికే కన్వర్టర్ ముక్క తగిలించే బదులు మూడు పిన్నుల మన కార్డు కొనుక్కుంటే ఎర్త్ కూడా దక్కుతుంది.

ఎర్త్ మాట వచ్చింది కాబట్టి: లోహపు ల్యాప్‌టాప్ మీద చేయి పెడితే జుమ్మంటోందని చార్జర్ మార్చేసేవాళ్లున్నారు. చార్జర్ లోపల రేడియో రొదను అణచడానికి పెట్టే చిన్న కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు ఇవతలికి వస్తుంది. సాకెట్‌లో ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మన వేళ్లకు తెలుస్తుంది. అలాంటప్పుడు మార్చాల్సింది సాకెట్. గట్టిగా షాక్ కొడితే మాత్రం వెంటనే పీకేయాలి. చార్జర్ వేడెక్కడం కూడా సహజమే. 65 వాట్లు ఇచ్చేటప్పుడు ఏడెనిమిది వాట్లు వేడిగా పోతాయి. చేయి ఆనించి ఉంచలేనంత వేడి, కాలిన వాసన, ఉబ్బిన డబ్బా కనిపిస్తే ఇక వాడకూడదు.

అపోహ: యూఎస్‌బీ-సి వచ్చాక ఏ చార్జరైనా దేనికైనా పనికొస్తుంది

సగం నిజం. ఈ పద్ధతిలో చార్జర్ 5 వోల్టులతో మొదలుపెట్టి, ల్యాప్‌టాప్ అడిగితేనే 9, 15, 20కి వెళుతుంది. కాబట్టి 45 వాట్ల ల్యాప్‌టాప్‌కు 100 వాట్ల చార్జర్ హాని చేయదు. కానీ ఆ రంధ్రం ఉన్న ప్రతి పాత ల్యాప్‌టాప్ దాని ద్వారా చార్జింగ్ తీసుకోదు. కొన్నింటిలో అది డేటాకే. కేబుల్ కూడా లెక్కే: 60 వాట్లు దాటాలంటే 5 ఆంప్స్ కేబుల్ ఉండాలి. యూఎస్‌బీ-సి నుంచి గుండ్రటి పిన్నుకు మార్చే వైర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి 20 వోల్టులు అడిగి తెస్తాయి. 19, 19.5 వోల్టుల ల్యాప్‌టాప్‌లు చాలావరకు దానితో నడుస్తాయి, డెల్ పాత కబురు సమస్య మాత్రం అలాగే ఉంటుంది. 2026 ఏప్రిల్ 28 నుంచి ఐరోపా యూనియన్‌లో కొత్త ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ-సి తప్పనిసరి. పాతవాటికి దాంతో ఒరిగేదేమీ లేదు.

అపోహ: కంపెనీ ముద్ర ఉంటే ఒరిజినల్, లేకపోతే నకిలీ

ముద్ర వేయడం అన్నిటికంటే చవకైన పని. తేడా లోపల ఉంటుంది. గోడ కరెంటు వైపుకూ ల్యాప్‌టాప్ వైపుకూ మధ్య ఉండాల్సిన ఎడం, భద్రతకు పెట్టాల్సిన కెపాసిటర్లు, రాగి తీగ మందం – చౌక చార్జర్లలో కోత పడేది వీటిలోనే. మన దేశంలో ఐటీ పరికరాల అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 13252 అనే ప్రమాణం, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు కోసం చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. లేబుల్ మీది పేరు ఒకటి, యాప్‌లో వచ్చేది ఇంకొకటి అయితే ఆ చార్జర్ అక్కడే వదిలేయండి. నన్నడిగితే ఊరూపేరూ లేని కొత్తదానికంటే, ఆఫీసుల నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లతో పాటు అమ్మే వాడిన ఒరిజినల్ చార్జరే మేలంటాను. వైరు మెడ దగ్గర చీలలేదని చూసుకుంటే చాలు.

అపోహ: చార్జింగ్ ఎక్కట్లేదంటే చార్జర్ పోయినట్టే

ముందు గోడ కార్డు మార్చి చూడండి. మూడు రంధ్రాల ఆ కార్డు చాలా బ్రాండ్లకు ఒకటే, పక్కింట్లో అడిగినా దొరుకుతుంది. మడతల దగ్గర తెగేది తరచూ అదే. తర్వాత, బ్యాటరీ ఊడొచ్చే మోడలైతే దాన్ని తీసేసి చార్జర్ మీదే ఆన్ చేయండి. నడిస్తే చార్జర్ ప్రాణంతోనే ఉంది, అనుమానం బ్యాటరీ మీదికి పోతుంది, డెల్ అయితే కబురు తీగ మీదికి. పిన్నును అటూ ఇటూ కదిపితే వచ్చి పోతుంటే వైరో జాకో. మల్టీమీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పిన్ను దగ్గర వోల్టులు చూపించుకోవచ్చు, వైరు కదుపుతూ చూడమనండి. అంకె నిలకడగా ఉంటే, షాపులో చూపించాల్సింది ల్యాప్‌టాప్‌లోని జాక్‌ను.